చీటీ ఊడిన డబ్బా

అబుదాబి పక్కన, ముసఫ్ఫా గోదాంల
నా పని చీటీలు అంటించుడు.
చేతిల తుపాకసొంటి మిషిను. టక్. టక్.
దినానికి నాలుగు వేల డబ్బాలకు పేర్లు పెడత.
బఠాణీ, చిక్కుడుగింజ, పైనాపిల్ ముక్కలు, చేప.
రేకు డబ్బాలన్నీ బయటికి ఒక్కటే తీరు,
నేను అంటించేదాక
అండ్ల ఏమున్నదో అండ్ల ఉన్నదానికే ఎరుక.

రాత్రి రూముకొచ్చి కథ రాస్త.
మంచం మీద మంచం. నాది పైది.
కూసుంటే కప్పు నెత్తికి తలుగుతది,
అందుకే పండుకునే రాస్త.
మొదటి వాక్యం రాసి ఆగిన:
"రాత్రి రెండింటికి తలుపు మెల్లగ తెరుసుకున్నది."

"ఏం కథరా?" కింది మంచం లింబాద్రి.
డిటెక్టివ్ అన్న.
లేసి కూసున్నడు.
"తాళంచెవి ఎవని కాడున్నది?
రెండింటికంటే డ్యూటీ బస్సు వచ్చే యాళ్ల గాదు గదా?"
నేనింకా ఎవ్వల్నీ చంపలే,
ఆయన అప్పుడే ముగ్గుర్ని అనుమానించిండు.

మర్నాడు ముత్తెన్న అడిగితే
ఊకెనే, దయ్యం కథ అన్న.
అదే వాక్యం. ఒక్క అక్షరం మార్చలే.
ముత్తెన్న దుప్పటి కొసలు కాళ్లకింద మడుసుకున్నడు,
ఆ రాత్రి బాత్రూంకు నన్ను తోడు తీస్కపోయిండు,
యాభై రెండేండ్ల మనిషి,
క్రేను కొసకెక్కి బోల్టులు బిగించేటోడు.

అప్పలసూరిది శ్రీకాకుళం దిక్కు. వెల్డరు.
ప్రేమ కథ అని చెప్పి సదివిన.
"ఆ పిల్ల పేరేటి?" అన్నడు.
తలుపు అవతల గాజుల సప్పుడు ఆయనకు ఇనబడ్డది.
నేను గాజులు రాయలే.

సగం కథ నేను రాస్తున్న,
సగం చీటీ రాస్తున్నది.
అది నా చెయ్యి సుత పట్టుకుంటది.
డిటెక్టివ్ అనుకున్ననాడు
చాయ గిలాసను ఉత్తగ పెట్టబుద్ధి గాదు,
ఎవల పెదవి గుర్తో దాని అంచుకుండాలె.
ప్రేమ అనుకున్ననాడు అదే గిలాసల చాయ చల్లారుతది,
ఎవ్వలూ తాగరు.

ఆఖరికి అయ్యింది ఏందంటే తొక్కు దొంగ కథ.
రూముల నాలుగు మామిడి తొక్కు సీసాలు,
రాత్రికొక చెంచా తక్కువైతున్నది. ఎవడు?
నవ్వులాట. పత్రికకు పంపిన.

సంపాదకుడు మంచి మనిషి. ఫోన్ల మెత్తగ మాట్లాడిండు:
"గల్ఫ్ కథల సంచికలో పెట్టుకుందామండీ. కానీ
ఏజెంటు మోసం లేదేం? పాస్‌పోర్టు లాక్కోవడం?
కనీసం చివర్లో ఒక శవపెట్టె..."

అవి అబద్ధాలని అంటలేను.
నిరుడు మా వరుస రూముల నుంచే పెట్టె పోయింది.
పైన చీటీ సూసిన: పేరు, బరువు, విమానం నంబరు.
మొగిలి ఎంత నవ్వించేటోడో రాసెతందుకు
దాని మీద జాగ లేకుండె.

"సార్, ఇది తొక్కు దొంగ కథ" అన్న.
"అదేనండీ, పాఠకులు గల్ఫ్ అనగానే..." అని ఆగిండు.
ఆయన ఆగిన కాడ నేను మూడు దినాలు కూసున్న.
పెట్టెను కథలకు తెచ్చి సూసిన.
తలుపుల పట్టలే.

చీటీ ఊడిన డబ్బాలు గోదాంల అమ్మరు,
సొట్టబోయినవాటితోని మూలకు నూకుతరు.
సూపర్‌వైజర్ కోయా, మలబారాయన,
శుక్రారం ఒకటి నా సంచిల ఏసిండు.
రూముల నలుగురం దాని సుట్టు కూసున్నం.
లింబాద్రి చెవి కాడ ఊపి సూసిండు.
ముత్తెన్న వాసన సూసిండు. రేకుకేం వాసన?
"తీపైతే నాకు, కాకపోతే మీకు" అప్పలసూరి.
కత్తి మొన దిగెదాక
నలుగురి నోట్ల నాలుగు రుచులు.

గప్పుడే సదివిన, ఏం కథో చెప్పకుండ:
"రాత్రి రెండింటికి తలుపు మెల్లగ తెరుసుకున్నది."

ఏసీ గుర్రుమంటున్నది.
ఏం కథరా అని ఎవ్వలూ అడగలే.
"ఊఁ, ఎన్కకు?" అన్నడు ముత్తెన్న,
నా దిక్కు సూడకుండ,
చేతిల చెంచా పట్టుకొని.